జీతం డబ్బు సిద్ధం, చేరేవాళ్లు లేరు: బ్రిటన్ ‘కిక్‌స్టార్ట్’ పథకంపై కేస్ స్టడీ

కరోనా తొలి దెబ్బకు షాపులు, హోటళ్లు మూతపడ్డప్పుడు బ్రిటన్‌లో ముందుగా ఉద్యోగాలు పోయింది పాతికేళ్లలోపు వాళ్లకే. వాళ్ల కోసం ప్రభుత్వం 2020 జులై 8న కిక్‌స్టార్ట్ పథకాన్ని ప్రకటించి, సెప్టెంబరు 2న యజమానుల దరఖాస్తులకు తలుపు తెరిచింది. కేటాయింపు 200 కోట్ల పౌండ్లు. 16 నుంచి 24 ఏళ్ల మధ్య ఉండి, యూనివర్సల్ క్రెడిట్ అనే భృతి తీసుకుంటూ, దీర్ఘకాలం ఖాళీగా ఉండిపోయే ప్రమాదం ఉన్నవాళ్లకు ఆరు నెలల ఉద్యోగం ఇవ్వాలన్నది ఉద్దేశం. వారానికి 25 గంటలకు, వయసును బట్టి చట్టం చెప్పిన కనీస వేతనం మొత్తాన్ని ప్రభుత్వమే భరించేది. ఆ జీతం మీద యజమాని కట్టాల్సిన నేషనల్ ఇన్సూరెన్సు (సామాజిక భద్రత చందా) వాటా, కనీస పింఛను వాటా కూడా ప్రభుత్వమే ఇచ్చేది. వీటికి తోడు ఒక్కో ఉద్యోగానికి 1,500 పౌండ్లు శిక్షణకు, సామగ్రికి.

యజమానికి ఇంతకన్నా మంచి బేరం ఉండదు. దరఖాస్తులు వెల్లువెత్తాయి. 2021 జనవరి చివరికి ఆమోదం పొందిన ఉద్యోగాలు లక్ష దాటాయి. అప్పటికి పనిలో చేరినవాళ్లు రెండు వేలకు అటూ ఇటూ. లాక్‌డౌన్ ఇందుకు ఒక కారణం, కాదనను. అదొక్కటే కారణం అనుకుంటే మాత్రం ఈ పథకం నుంచి మనం నేర్చుకునేది ఏమీ మిగలదు. జీతం ఇవ్వడం ఇలాంటి పథకాల్లో తేలికైన భాగం. ఖాళీ ఉన్న చోటికి మనిషిని చేర్చే పని కష్టమైనది, కాగితం మీద ఆ పనికి బాధ్యుడంటూ ఎవరూ ఉండరు. కిక్‌స్టార్ట్‌లో ఎక్కువ ఇబ్బందులు మొదలైంది అక్కడే.

ఒక్క ఉద్యోగం ఖర్చు

వారానికి 25 గంటలు, 26 వారాలు, అంటే 650 గంటలు. 2021 ఏప్రిల్ రేట్ల ప్రకారం 18–20 ఏళ్ల వాళ్లకు గంటకు 6.56 పౌండ్లు, 21–22 ఏళ్ల వాళ్లకు 8.36, 23 దాటితే 8.91. జీతం మొత్తం వరుసగా 4,264, 5,434, సుమారు 5,792 పౌండ్లు. 21 ఏళ్లలోపు వాళ్ల జీతం ఈ స్థాయిలో ఉంటే యజమాని ఇన్సూరెన్సు వాటా సున్నా. ఆపై వయసు వాళ్లకు వారానికి 170 పౌండ్లు దాటిన భాగం మీద 13.8 శాతం. 22 ఏళ్ల వ్యక్తి వారం జీతం 209 పౌండ్లు కాబట్టి ఆరు నెలలకు ఈ వాటా దాదాపు 140. పింఛనుకు 120 పౌండ్లు దాటిన భాగం మీద 3 శాతం, అది 70 లోపే. 1,500 కలుపుకుంటే 22 ఏళ్ల వ్యక్తి మీద ప్రభుత్వం పెట్టేది 7,100 పౌండ్ల పైచిలుకు. 16, 17 ఏళ్ల వాళ్లకు రేటు గంటకు 4.62 మాత్రమే కాబట్టి ఖర్చు బాగా తగ్గుతుంది.

ప్రభుత్వం వైపు నుంచి లెక్క ఇది. కుర్రాడి వైపు నుంచి చూస్తే వేరే లెక్క వస్తుంది, పథకాలు రాసేవాళ్లు ఎక్కువగా దీన్ని వేయరు. 19 ఏళ్ల ఒంటరి యువకుడు, తల్లిదండ్రుల ఇంట్లోనే ఉంటాడు, ఇంటద్దె సాయం లేదు అనుకుందాం. 2021 వేసవిలో అతనికి నెలకు 344 పౌండ్ల భృతి వచ్చేది. కిక్‌స్టార్ట్‌లో నెల జీతం 711. సంపాదించే ప్రతి పౌండుకు 63 పెన్నీల చొప్పున భృతి తగ్గుతుంది గనుక అతని భృతి పూర్తిగా ఆగిపోతుంది. చేతిలో అదనంగా మిగిలేది 367 పౌండ్లు, అందుకోసం నెలకు 108 గంటల పని. గంటకు 6.56 అని ప్రకటనలో రాసిన జీతం అతని లెక్కలో 3.40 దగ్గర తేలుతుంది. బస్సు ఖర్చు ఇంకా తీయలేదు. విడిగా గది తీసుకుని అద్దె సాయం పొందేవాడికైతే మిగిలేది జీతంలో 37 శాతమే, అంటే గంటకు 2.43. 2021 నవంబరు 24 నుంచి ఆ 63 పెన్నీల కోతను 55కి తగ్గించారు, కాస్త ఊరట. అయినా రెండు బస్సులు మారి గంటన్నర ప్రయాణం చేయాల్సిన ఉద్యోగానికి ఎవరూ రాకపోతే ‘ఈ తరానికి పని మీద శ్రద్ధ లేదు’ అనేముందు ఈ కూడికలు, తీసివేతలు ఒకసారి చేసి చూడాలి.

దరఖాస్తు నుంచి చేరిక దాకా

మొదట్లో ఒక్కో దరఖాస్తులో కనీసం 30 ఉద్యోగాలు ఉండాలన్నారు. అంత పెద్ద సంస్థ కానివాళ్లు ‘గేట్‌వే’ ద్వారా రావాలి. స్థానిక కౌన్సిలో, వర్తక మండలో, చారిటీయో పదిమంది చిన్న యజమానులను కలిపి ఒకే దరఖాస్తు వేస్తుంది, ఉద్యోగానికి 300 పౌండ్లు తీసుకుంటుంది. 2021 ఫిబ్రవరి 3 నుంచి 30 నియమం ఎత్తేశారు, నేరుగా ఒక్క ఉద్యోగానికి కూడా దరఖాస్తు చేయవచ్చన్నారు. సొంత పేరోల్ (జీతాలు వేసి పన్నుల శాఖకు లెక్క చెప్పే ఏర్పాటు) లేని ఏకవ్యక్తి వ్యాపారుల కోసం, జీతం తామే చెల్లించే ‘గేట్‌వే ప్లస్’ సంస్థలు ఉండేవి.

దరఖాస్తు ఆమోదం పొందాక, పథకం నడిపే పని, పింఛన్ల శాఖ గ్రాంటు ఒప్పందం పంపుతుంది, సంతకం చేసి తిరిగి పంపాలి. అప్పుడు ఒక్కో ఖాళీకి వివరాల పత్రం నింపాలి: హోదా, పని స్థలం పోస్ట్‌కోడ్, గంటలు, జీతం, ఎలా దరఖాస్తు చేయాలి. అది జాబ్‌సెంటర్ అనే ప్రభుత్వ ఉపాధి కార్యాలయానికి చేరుతుంది. అక్కడి వర్క్ కోచ్, అంటే ఉద్యోగ సలహాదారు, తన దగ్గరికి వచ్చే యువకుల్లో తగినవాళ్లను ఎంచి, ఫలానా ఖాళీకి వెళ్లమని రిఫరల్ ఇస్తాడు. యువకుడు స్వయంగా యజమానికి దరఖాస్తు చేసుకోవాలి. ఇంటర్వ్యూ, ఎంపిక యజమాని చేతిలో. చేరాక జీతం పేరోల్ ద్వారానే వెళ్లాలి, ఆ వివరాలు పన్నుల శాఖ రికార్డులో కనిపించాకే గ్రాంటు విడుదలవుతుంది.

ఇందులో ఎక్కువగా తెగేది ఒకే చోట: రిఫరల్ ఇచ్చిన క్షణానికీ, యజమానికి దరఖాస్తు అందే క్షణానికీ మధ్య. వర్క్ కోచ్ రికార్డులో రిఫరల్ ఇవ్వడంతో ఆ పని ముగిసింది. యజమానికి దరఖాస్తు చేసినవాళ్లే కనిపిస్తారు, చేయనివాళ్లు ఉన్నట్టే తెలియదు. మధ్యలో ఉన్న గేట్‌వేల్లో చాలావాటికి ఎవరిని పంపారో తెలిసే మార్గం లేదు. శాఖ 13,500 మంది కొత్త వర్క్ కోచ్‌లను తీసుకుని, 2021 మార్చికి వాళ్ల సంఖ్యను రెట్టింపు చేసింది, అదేమీ చిన్న విషయం కాదు. కాకపోతే కొత్తగా చేరిన ఆ కోచ్‌లు, ముఖం చూడకుండా ఫోన్‌లో, పది నిమిషాల సంభాషణలో ఎవరికి ఏ పని నప్పుతుందో తేల్చాల్సి వచ్చింది. ‘వేర్‌హౌస్ సహాయకుడు, ఈ లింకులో దరఖాస్తు చెయ్యి’ అని ఫోన్ పెట్టేస్తే, ఇంటర్వ్యూ అంటేనే బెదిరే కుర్రాడు ఆ లింకు తెరవడు. తెరవకపోవడానికి అతనికి ఎన్నో కారణాలు: సీవీ లేదు, ఫోన్‌లో డేటా లేదు, ఆ కంపెనీ ఎక్కడుందో తెలియదు, పోయినసారి ఎవరూ జవాబివ్వలేదు.

పనిచేసిన పద్ధతి సాదాసీదా ఒకటే. రిఫరల్ ఇచ్చే చోటే యజమాని మనిషి కూర్చోవాలి. జాబ్‌సెంటర్‌లో నెలకు రెండు పూటలు ముగ్గురు నలుగురు యజమానులను పిలిచి, వర్క్ కోచ్ కుర్రాణ్ని వెంటబెట్టుకుని వచ్చి పరిచయం చేసి, పావుగంట మాట్లాడించి, అక్కడికక్కడే తేల్చేయాలి. అది కుదరకపోతే ముగ్గురూ ఒకే ఫోన్ కాల్‌లో ఉండాలి. అదీ కుదరకపోతే రిఫరల్ అయిన మూడు రోజుల్లో ఎవరో ఒకరు, పేరు పెట్టి బాధ్యత అప్పగించిన ఒక మనిషి, ఫోన్ చేసి ‘దరఖాస్తు వేశావా, ఎక్కడ ఆగింది?’ అని అడగాలి. పది ఖాళీలకు పది పేర్లు చాలవు, ముప్ఫై పేర్లతో మొదలుపెట్టాలన్నది నా అంచనా. గేట్‌వేకు ఇచ్చే 300 పౌండ్లను దరఖాస్తు కాగితాలకు కాకుండా, మనిషి పనిలో చేరి నాలుగు వారాలు నిలిచాక ఇచ్చి ఉంటే అందరి దృష్టీ ఈ మధ్యభాగం మీదే ఉండేది.

ఖాళీ ప్రకటన విషయం కూడా ఇక్కడే చెప్పాలి. పెద్ద సంస్థల మానవ వనరుల విభాగాలు తమ మామూలు ప్రకటననే అతికించేవి: ‘అద్భుతమైన భావప్రసరణ నైపుణ్యం, స్వయంప్రేరణ, కనీసం ఏడాది అనుభవం’. ఆరు నెలలు ఏ పనీ లేనివాడికి ఆ మూడు మాటలూ మూసిన తలుపులే. బాగా పనిచేసే ప్రకటన ఇలా ఉంటుంది: ‘పొద్దున 9 నుంచి 2 వరకు, సోమవారం నుంచి శుక్రవారం. వచ్చిన పెట్టెలు విప్పి, స్కానర్‌తో లెక్కపెట్టి, అరల్లో సర్దాలి. 12 కిలోల దాకా బరువు ఎత్తాలి. స్కానర్ వాడటం మేమే నేర్పుతాం. బస్టాప్ గేటు ఎదురుగానే. మొదటి రోజు మిమ్మల్ని ఫలానా ఆమె గేటు దగ్గర కలుస్తుంది.’ అనుభవం అనే మాట అందులో ఉండకూడదు. పథకం నిబంధన కూడా అదే: చేరకముందే పెద్ద శిక్షణ అవసరమయ్యే ఉద్యోగం పనికిరాదు.

చేరిక ఆగే మరో చోటు కాగితాలు. పిల్లలతో, వృద్ధులతో పనిచేసే చోట నేరచరిత్ర తనిఖీ కావాలి, దానికి వారాలు పట్టవచ్చు. పనిచేసే హక్కు నిరూపించడానికి పాస్‌పోర్టు లేని కుర్రాళ్లు జనన ధృవపత్రం, నేషనల్ ఇన్సూరెన్సు నంబరున్న కాగితం వెతుక్కోవాలి. ఇవి ఎంపికయ్యాక మొదలుపెడితే, తీరా అన్నీ వచ్చేసరికి కుర్రాడి ఉత్సాహం చల్లారుతుంది. రిఫరల్ రోజునే మొదలుపెట్టాలి. మన తెలుగు విద్యార్థుల కోసం ఒక మాట: చదువు వీసా మీద బ్రిటన్‌లో ఉన్నవాళ్లకు ప్రభుత్వ భృతులు తీసుకునే హక్కు లేదు, కాబట్టి వాళ్లు ఈ పథకం పరిధిలోకే వచ్చేవాళ్లు కారు. మరి అక్కడ చిన్న వ్యాపారం నడిపే తెలుగువాళ్లయితే గేట్‌వే ద్వారా యజమానులుగా రాగలిగేవారు.

ఆ ఉద్యోగం నిజంగా కొత్తదేనా

నిబంధన స్పష్టం: ఉన్న ఖాళీని గానీ, ముందే అనుకున్న ఖాళీని గానీ దీనితో నింపకూడదు. దీనివల్ల ఉన్న ఉద్యోగి పని పోకూడదు, గంటలు తగ్గకూడదు. అమలు కష్టం, ఎందుకంటే యజమాని రాసిచ్చిన మాటే ఆధారం. పైగా 2021 వేసవికల్లా పరిస్థితి తిరగబడింది. లాక్‌డౌన్ ఎత్తేశాక దేశంలో ఖాళీ ఉద్యోగాలు 10 లక్షలు దాటాయి. ఎలాగూ మనుషులు కావాల్సిన యజమానికి ఉచితంగా మనిషి దొరికితే అది కొత్త ఉద్యోగం ఎలా అవుతుంది? మాంద్యం కోసం కట్టిన పథకం, మాంద్యం తొలగాక వేగం పుంజుకుంది. యజమానుల దరఖాస్తులు 2021 డిసెంబరు 17న ముగిశాయి, చివరి చేరికలు 2022 మార్చి 31న. మొత్తం చేరినవాళ్లు సుమారు 1,63,000, మొదట అనుకున్నది రెండున్నర లక్షలు.

తనిఖీ చేసేవాళ్లు అడగాల్సినవి మూడే ప్రశ్నలు. ఈ పని ఇవాళ ఎవరు చేస్తున్నారు? ఈ కుర్రాడు రేపు రాకపోతే ఏ పని ఆగుతుంది? ఆరు నెలలు అయ్యాక ఈ కుర్చీ ఏమవుతుంది? మొదటి ప్రశ్నకు ఒక ఉద్యోగి పేరు, రెండోదానికి ‘షాపు తెరవలేం’ అన్న జవాబు వస్తే అది కొత్త ఉద్యోగం కాదు. షిఫ్టు చార్టు ఒక్కసారి చూస్తే ఇంకా తొందరగా తెలుస్తుంది: కిక్‌స్టార్ట్ కుర్రాడి పేరు మామూలు ఉద్యోగుల వరుసలో, అదే షిఫ్టులో, తోడు ఎవరూ లేకుండా ఉందంటే అనుమానించాల్సిందే.

1,500 పౌండ్ల సంగతి

ఈ డబ్బు కుర్రాడు చేరినట్టు పేరోల్‌లో కనిపించగానే ఏకమొత్తంగా వస్తుంది. దేనికి ఖర్చు పెట్టారని ఎవరూ బిల్లులు గట్టిగా అడగలేదు. ప్రతి యజమానీ కుర్రాడికి ఏ మేరకు శిక్షణ, ఆసరా ఇస్తున్నాడో శాఖకు తెలియడం లేదని 2021 నవంబరులో బ్రిటన్ జాతీయ ఆడిట్ కార్యాలయం ఎత్తిచూపింది. పథకం నాణ్యత యజమాని మంచితనం మీదే ఆధారపడింది.

నిజాయితీగా ఖర్చు పెడితే ఆ డబ్బుతో ఎంత జరుగుతుందో నమూనా లెక్క చూద్దాం. బూట్లు, యూనిఫాం, తనిఖీ ఫీజు, మొదటి నెల బస్ పాసు, చిన్న సర్టిఫికెట్ కోర్సు కలిపి 400 అనుకుంటే మిగిలేది 1,100. కుర్రాడి పక్కన ఉండి నేర్పే సీనియర్ గంట ఖర్చు 18 పౌండ్లనుకుంటే 61 గంటలు, అంటే వారానికి రెండు గంటల పైన. ఆ రెండు గంటలు షిఫ్టు చార్టులో రాసి ఉంటేనే జరుగుతాయి. ‘ఖాళీ దొరికినప్పుడు చూద్దాం’ అన్న చోట ఎప్పుడూ ఖాళీ దొరకదు. మొదటి ఆరు వారాలకు ఈ గంటల్లో సగం కేటాయించాలి, ఎందుకంటే మానేసేవాళ్లు ఎక్కువగా అప్పుడే మానేస్తారు. ఆలస్యంగా రావడం, చెప్పకుండా రాకపోవడం మొదలైన మొదటి వారమే మాట్లాడాలి. సాధారణంగా దాని వెనక జీతం తేదీ సమస్యో, ఇంట్లో గొడవో, ఎవరో అన్న మాటో ఉంటుంది.

జీతం తేదీ చాలామందికి తట్టని సంగతి. నెల జీతం కాబట్టి చేరాక నాలుగైదు వారాలకు గానీ డబ్బు చేతికి రాదు, ఆ లోపు రోజూ బస్సెక్కాలి. జాబ్‌సెంటర్ మేనేజరు విచక్షణ మీద ఇచ్చే సహాయ నిధి ఒకటుంది, ప్రయాణ ఖర్చు, బట్టలకు ఇస్తారు, అడిగితేనే. మొదటి నాలుగు వారాలు వారం జీతం ఇచ్చే యజమానికి మనుషులు నిలుస్తారు.

యజమానికి కూడా ఇదే తిప్పలు. గ్రాంటు జీతం ఇచ్చాక వస్తుంది. 19 ఏళ్ల వాళ్లు పదిమంది ఉంటే మొదటి నెలకే 7,100 పౌండ్లు చేతి నుంచి పెట్టాలి, గేట్‌వే మధ్యలో ఉంటే ఇంకొన్ని వారాలు ఆగాలి. పుట్టినతేదీలోనో, ఇన్సూరెన్సు నంబరులోనో ఒక అంకె తప్పితే పన్నుల శాఖ రికార్డుతో సరిపోలదు, ఆ కుర్రాడి గ్రాంటు అక్కడే ఆగుతుంది. మొదటి జీతం వేసేముందు కుర్రాడి కాగితాలు ఎదురుగా పెట్టుకుని అంకెలన్నీ ఇద్దరు విడివిడిగా సరిచూడాలి.

ముందున్న పథకం

బ్రిటన్‌కు ఇది కొత్త కాదు. 2009 అక్టోబరులో ‘ఫ్యూచర్ జాబ్స్ ఫండ్’ మొదలైంది. అదీ ఆరు నెలలే, వారానికి కనీసం 25 గంటలు, ఉద్యోగానికి 6,500 పౌండ్ల దాకా. తేడా ఏమిటంటే ఆ ఉద్యోగం సమాజానికి మేలు చేసేదై ఉండాలి. అందువల్ల కౌన్సిళ్లు, చారిటీలు ముందుకొచ్చాయి, పార్కులు, లైబ్రరీలు, క్రీడా క్లబ్బుల్లో ఉద్యోగాలు పుట్టాయి. అవి మామూలు మార్కెట్ నింపే ఖాళీలు కావు కాబట్టి ‘కొత్తదేనా’ అన్న ప్రశ్న సగం దానంతటదే తీరింది. 2010 మేలో కొత్త ప్రభుత్వం, ఖర్చు ఎక్కువని, ఫలితాలు తేలకముందే దాన్ని ఆపేసింది. 2012లో అదే శాఖ అధ్యయనం ప్రచురించింది: చేరిన రెండేళ్లకు, అలాంటివాళ్లే అయి చేరనివారితో పోలిస్తే, సబ్సిడీ లేని ఉద్యోగంలో ఉండే అవకాశం 11 శాతం పాయింట్లు ఎక్కువ. ప్రభుత్వానికి మనిషికి నికరంగా 3,100 పౌండ్లు ఖర్చయింది, సమాజానికి మొత్తంగా 7,750 పౌండ్ల మేలు జరిగింది. కొత్త పథకం పెట్టేవాళ్ల ముందు ఈ లెక్క ఉంది. కిక్‌స్టార్ట్ ప్రైవేటు రంగానికి తలుపు తెరిచి సంఖ్య పెంచుకుంది, ఆ సమాజహిత షరతును మాత్రం వదులుకుంది. నా దృష్టిలో అది తప్పుడు బేరం.

మన దగ్గర 2024 అక్టోబరులో మొదలైన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకానికి కూడా ఇదే జబ్బు పట్టింది. మొదలైనప్పటి నియమాల ప్రకారం 21–24 ఏళ్ల వాళ్లకు ఏడాది ఇంటర్న్‌షిప్, నెలకు 5,000 రూపాయలు, చేరేటప్పుడు ఒకసారి 6,000. తొలి విడతలో కంపెనీలు ఇచ్చిన ఆఫర్లు 82 వేల పైచిలుకు, ఒప్పుకున్నవి 28 వేల పైచిలుకు, చేరినవాళ్లు తొమ్మిది వేలలోపు. శ్రీకాకుళం కుర్రాడికి పుణెలోనో, ఆదిలాబాద్ అమ్మాయికి చెన్నైలోనో సీటొస్తే ఆ 5,000 హాస్టల్‌కే చాలదు. ఆఫర్ల సంఖ్య చూసి మురిసిపోకుండా, ఇంటి నుంచి ఎంత దూరమో ముందు వడపోసి, చేరిన తర్వాతి ముప్ఫయ్యో రోజు హాజరు లెక్కతో పథకాన్ని కొలిస్తే బొమ్మ మారుతుంది.

ఆఖరి ఎనిమిది వారాలు

ఆరు నెలల ఉద్యోగంలో 18వ వారం చివర యజమాని తేల్చి చెప్పాలి: ఉంచుకుంటాడా, లేదా. 26వ వారంలో చెబితే కుర్రాడు మర్నాడు మళ్లీ జాబ్‌సెంటర్ వరుసలో నిలబడతాడు. ఉంచుకోలేకపోతే ఆ వారం నుంచి వారానికి మూడు గంటలు పని గంటల్లోనే వేరే ఉద్యోగాల వేటకు ఇవ్వాలి. గ్రాంటు ఇచ్చే 25 గంటల్లోంచే ఇవ్వవచ్చు, యజమానికి పైసా అదనం కాదు. 2021 ఏప్రిల్ నుంచి కొన్నాళ్లు కొత్త అప్రెంటిస్‌ను తీసుకున్న యజమానికి 3,000 పౌండ్ల ప్రోత్సాహకం ఇచ్చారు. కిక్‌స్టార్ట్ కుర్రాణ్ని అప్రెంటిస్‌గా మార్చుకున్నా అది వర్తించేది, తెలిసినవాళ్లు వాడుకున్నారు.

యోగ్యతాపత్రంలో ‘మంచివాడు, కష్టపడతాడు’ అని రాస్తే తర్వాతి యజమానికి ఏమీ తెలియదు. ఏ యంత్రం మీద పనిచేశాడు, రోజుకు ఎన్ని ఆర్డర్లు చూశాడు, ఆరు నెలల్లో ఎన్ని రోజులు రాలేదు, నగదు పెట్టె తాళం అప్పగించారా లేదా అన్నవి రాయాలి. రాసి, సంతకం చేసి, ఆఖరి రోజు కాకుండా 20వ వారంలోనే చేతికివ్వాలి, వేట మొదలైనప్పుడే అది కావాలి. పని ముగిసినట్టు తెలిపే పీ45 పత్రం ఆఖరి జీతంతో పాటే ఇవ్వాలి. అది ఆలస్యమైతే కొత్త చోట పన్ను కోడ్ తప్పుగా పడి మొదటి జీతంలో కోత పడుతుంది. వేరే పని దొరకనివాళ్ల చేత భృతి దరఖాస్తు అదే వారం, వీలైతే ఆఖరి షిఫ్టు రోజునే, ఆఫీసు కంప్యూటర్ మీదే వేయించాలి. ఆలస్యం చేసిన రోజులకు సాధారణంగా డబ్బు రాదు.